గడియగాడి స్థానం

ఆటస్థలం పక్క గదిలో క్లబ్బు అధ్యక్షుడూ, బాస్కెట్‌బాల్ కోచ్‌గా ఉన్న ఆయన బావమరిదీ ఈ ఏటి జట్టుకు సెంటర్‌ను, అంటే బుట్ట దగ్గర కాపు కాసే ఆటగాణ్ణి, ఎంచుకుంటున్నారు. తలుపు మూసే ఉంది కానీ మాటలు బయటికి వినబడుతున్నాయి.

"సెంటర్లందరిలో గడియగాడే మొదటివాడు బావగారూ. బుట్ట కింద నిలబడ్డాడంటే తలుపుకి గడియ పెట్టినట్టే."

"వాడు బంతి వేయగా ఎవరైనా చూశారా?"

"వేయడు. ఎవర్నీ వేయనివ్వడు."

"అదేం ఆటయ్యా? జనం వచ్చేది బంతి పడితే చప్పట్లు కొట్టడానికి. మా అబ్బాయి ప్రతి ఆటలోనూ దండిగా వేశాడు. వాడే మొదటివాడు."

"నాకూ మేనల్లుడే, కాదనను. కానీ వాణ్ణి దాటుకుని అవతలివాళ్లు ఇంకా దండిగా వేశారు."

"అది మిగతావాళ్ల చేతకానితనం. గడియగాడిది ఆఖరి స్థానం. వద్దని చెప్పి పంపెయ్."

"పంపేస్తాను. పొరుగు క్లబ్బువాళ్లు తీసుకుపోతారు. మన మొదటి ఆట వాళ్లతోనే."

అధ్యక్షుడి కుర్చీ ముందుకి జరిగిన చప్పుడైంది.

"అప్పుడు మా వాడికి ఎదురుగా ఎవరు నిలబడతారు?"

"గడియగాడే."

"మీ అక్క చూడ్డానికి వస్తానంది."

"చుట్టాలందర్నీ పిలిచింది కూడా."

"అయితే వాణ్ణి మనమే తీసుకుందాం. జట్టు బట్టలిచ్చి బెంచీ మీద కూర్చోబెట్టు."

"ఆడించొద్దా?"

"ఆడించడం దేనికి? మన వైపు కూర్చుంటే చాలు."

"మరి వాడి స్థానం?"

"ఆఖరిదే. నువ్వు ముందు వెళ్లి వాడి చేత సంతకం పెట్టించు. మా అబ్బాయి సంగతి తర్వాత చూద్దాం."