లీటరు పెట్రోలుతో పదకొండేళ్లు

"…అదీ సంగతి! రావయ్యా కటింగ్ మాస్టరూ, సమయానికి వచ్చావు, ఆ కుర్చీ ఇలా లాక్కో. మొదటి ముక్క పోయింది నీకు, ఏం పర్లేదు, మళ్ళీ చెప్తాను. ఏం అమ్మాయ్, నీకేం తొందర లేదుగా?"

"ఇప్పటికే రెండుసార్లు చెప్పారు బాబాయ్," అంది ప్యాకింగ్ అమ్మాయి.

"మూడోసారి ఇంకా బాగుంటుంది."

వంటింటి కిటికీ వరండాలోకే తెరుచుకుంటుంది. లోపల టీ వడకడుతున్న పిన్ని ఆ మాట విని నవ్వుకుంది. ఆయన కథలు అంతే, చెప్పేకొద్దీ ఒళ్ళు చేస్తాయి.

కానీ ఇవాళ ఆవిడ మనసు కథ మీద లేదు. ఊరికి పదిహేను కిలోమీటర్ల అవతల పెట్టిన రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ పనికి సోమవారం నుంచి రమ్మన్నారు ఆవిడని. పాత మిల్లు మూతపడి ఎనిమిదేళ్ళు. ఇన్నాళ్ళకి చేతికి మళ్ళీ పని. రెండు బస్సులు మారి వెళ్ళేసరికి సగం రోజులు గేటు మూసేస్తారు. గోడ పక్కన పట్టా కప్పుకుని పాత కారు ఉంది, ఒక్కత్తే వేసుకెళ్తే జీతంలో సగం పెట్రోలే తాగేస్తుంది. ముగ్గురు తోడొచ్చి ఖర్చు పంచుకుంటే వెళ్ళొచ్చు. రాకపోతే పనీ లేదు, కారూ లేదు. ఆదివారం వచ్చి విడిభాగాలకి పట్టుకుపోతానని టైర్ల కొట్టు అతను బేరం కూడా ఆడి వెళ్ళాడు.

ఆ ముగ్గురే ఇప్పుడు వరండాలో ఉన్నారు. కటింగ్ మాస్టరు, ఇస్త్రీ సెక్షన్ కుర్రాడు, ప్యాకింగ్ అమ్మాయి. అందరిదీ ఆ ఫ్యాక్టరీయే. మాస్టరు స్కూటర్ మీద పోతాడు, మిగతా ఇద్దరూ బస్సుల్లో నలిగి చేరతారు, గేటు మూసిన రోజు వెనక్కొస్తారు. వాళ్ళని పిలిచింది బాబాయే.

"నువ్వు మాట్లాడకు, మాటలు నాకొదిలెయ్," అన్నాడు పొద్దున.

"సరే. తోలేది నేనని ముందే చెప్పెయ్యండి."

"అదే మొదటి మాట."

ఆ మొదటి మాట కోసమే కిటికీ దగ్గర చెవి పెట్టుకుని ఉంది పిన్ని.

"అప్పుడు మిల్లుకి మేం నలుగురం వెళ్ళేవాళ్ళం మాస్టరూ. నేను, మగ్గాల మేస్త్రీ, తూకం ఆయన, గుమాస్తా. నలుగురికీ నాలుగు స్కూటర్లు, నాలుగు పొగలు. ఒకరి పొగ ఒకరం మింగుతూ పోయేవాళ్ళం. ఒకరోజు నేనే ఆపాను అందర్నీ. ఒరేయ్, పోయే చోటు ఒకటి, పోయే టైము ఒకటి, మరి ఈ నాలుగు బండ్లెందుకురా అన్నాను. మేనేజరు పాత కారు అమ్మకానికుంటే కొన్నాను."

నలుగురం కాదు, అయిదుగురం, అనుకుంది పిన్ని.

"తోలేది మీరేనా బాబాయ్?" అన్నాడు ఇస్త్రీ కుర్రాడు.

బాబాయి గొంతు సవరించుకోవడం వినిపించింది.

"మరింకెవరు?" అన్నాడు బాబాయి.

పిన్ని చేతిలో జాలీ ఆగిపోయింది. టీ కారి గట్టు మీద పడింది.

ఆ కారు తెచ్చిన రోజున ఆయన స్టీరింగ్ పట్టుకున్న మాట నిజమే. మిల్లు వెనక ఖాళీ జాగాలో పది గజాలు తోలి, తిన్నగా తీసుకెళ్ళి పత్తి బేళ్ళలో దూర్చాడు. ముగ్గురు కలిసి బయటికి లాగితే, నెత్తి మీద దూదితో దిగి, మళ్ళీ జన్మలో ముట్టుకోనన్నాడు. ముట్టుకోలేదు. మిల్లు లారీ డ్రైవరు దగ్గర రెండు నెలలు నేర్చుకుని పిన్నే తోలింది. మొదటి రోజు వెనక ముగ్గురు మగాళ్ళూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. వారం తిరిగేసరికి మేస్త్రీ కాళ్ళు చాపుకోవడం మొదలెట్టాడు.

"మొదటి నెల మిగిలిన డబ్బుతో ఫ్యాను కొన్నాను," అంటున్నాడు బాబాయి. "రెండో నెల తూకం ఆయన పిల్లకి సైకిలు కొన్నాడు. ఏడాది తిరిగేసరికి గుమాస్తా ఇంటికి రేకులు తీసి స్లాబు వేశాడు. ఒట్టి పెట్రోలు మిగుల్తో! అప్పుడు లీటరు పోస్తే వారం వచ్చేది."

"వారమా?" అన్నాడు కటింగ్ మాస్టరు.

"మొదట్లో. తర్వాత నెల. నలుగురం కబుర్లు చెప్పుకుంటూ పోతుంటే ఇంజను కూడా వింటూ తాగడం మర్చిపోయేది మాస్టరూ. ఒకసారి ట్యాంకులో పుల్ల ముంచి చూస్తే ఏమైందో చెప్పుకోండి? పోసిన దానికంటే రెండు వేళ్ళు ఎక్కువుంది! బంకు యజమాని ఇంటికొచ్చేశాడు. అయ్యా, మీరు పెట్రోలు కొనకపోయినా పర్లేదు, నెలకోసారి వచ్చి గాలయినా పట్టించుకోండి, మీ మొహం చూడక బెంగగా ఉంది అన్నాడు."

ప్యాకింగ్ అమ్మాయి పకపకా నవ్వింది. మాస్టరు నవ్వలేదు. అతను చేతి గడియారం చూసుకోవడం కిటికీలోంచి కనిపించింది.

ఇక చాలు ఆపండి, అని లోపల్నుంచే మొక్కుకుంది పిన్ని. ఆయన ఆగితే కదా.

ఆ కబుర్లు మాత్రం నిజం. పొద్దున్నే తను ఎక్కి అద్దం సరిచేసుకుంటే, వెనక సీట్లో మధ్యలో, కాళ్ళ కింద కారు నేల గడ్డలా లేచి ఉంటే మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఆయన మొదలెట్టేవాడు. సెంటరు దాటేలోపు మేస్త్రీ కళ్ళు తుడుచుకుంటూ నవ్వేవాడు. నోరు తెరవని తూకం ఆయన కూడా ఆపుకోలేక దగ్గేవాడు. మిల్లు గేటు కనిపించినా కథ అవకపోతే, "ఒక్క చుట్టు తిప్పమ్మా" అనేవాడు గుమాస్తా. ఎన్నిసార్లు తిప్పిందో. పెట్రోలు దండగ అని గొణుక్కుంటూనే తిప్పేది. మిల్లు మూసిన తర్వాత ఆవిడకి జీతం కంటే ఎక్కువ గుర్తొచ్చింది ఆ చుట్లే.

"పొగ సంగతి చెప్పలేదు కదూ!" బాబాయి గొంతు లేచింది. "నాలుగు పొగలు పోయి ఒకటి మిగిలిందా, ఆ ఒక్కటీ ఒంటరిదైపోయి సిగ్గుతో బయటికి రావడం మానేసింది. దారి పక్క ఇళ్ళవాళ్ళు తెల్లబట్టలు ధైర్యంగా ఆరేసుకునేవాళ్ళు. సబ్బుల కొట్టు అతను దివాలా తీశాడు, పాపం. పొగగొట్టంలో పిచ్చుక గుడ్లు పెట్టింది. గుడ్లున్నన్నాళ్ళూ ఇంజను వెయ్యలేదు నేను."

"మరి మిల్లుకెలా వెళ్ళారు?" అన్నాడు ఇస్త్రీ కుర్రాడు.

"కారులోనే! దానికి మాత్రం జాలి లేదా? చప్పుడు చెయ్యకుండా దానంతటది మెల్లగా నడిచేది."

"బాబాయ్…" మాస్టరు చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"కూర్చో మాస్టరూ, కొండ సంగతి విను! గాలి అంత శుభ్రపడేసరికి, ఒకరోజు పొద్దున ఊరి అవతల కొండ కనిపించింది. అక్కడ కొండ ఉందని అంతకు ముందు ఎవడికీ తెలీదు! సర్వే వాళ్ళు గొలుసులు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఎవరి వల్ల కనపడింది అని ఆరా తీసి, మీ పేరు పెడతామండీ అన్నారు. వద్దన్నాను. నలుగురి కష్టం, ఒక్కడి పేరెందుకు?"

"ఇప్పుడేదా కొండ?"

"మిల్లు మూసేశారుగా. మళ్ళీ ఎవడి బండి వాడిదే. కనపడ్డం మానేసింది."

అంటూ ఆయన పట్టా కప్పిన కారు వైపు చూశాడు. ఆ చూపులో అబద్ధం లేదని పిన్నికి తెలుసు. మేస్త్రీ కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. గుమాస్తాకి వినపడ్డం తగ్గింది. తూకం ఆయన లేనే లేడు. మొన్నటికి మొన్న పట్టా ఎత్తి, వెనక తలుపు తీసి, మధ్య సీట్లో ఎక్కి అరగంట ఊరికే కూర్చున్నాడు ఈయన. ఏం చేస్తున్నారండీ అంటే, స్ప్రింగులు చూస్తున్నా అన్నాడు.

కటింగ్ మాస్టరు మెట్టు దిగి ఒక చెప్పు వేసుకున్నాడు. "కథలు బాగున్నాయి బాబాయ్. నాకు మాత్రం నా స్కూటరే నయం. పిచ్చుకలు తోలే కారులో నేను రాలేను."

మాస్టరు వెళ్ళిపోతే మిగతా ఇద్దరూ లేస్తారు. పిన్ని టీ గ్లాసుల పళ్ళెం ఎత్తి, మళ్ళీ కింద పెట్టింది. ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చిన పని, ఒక కొండ వెనక్కి పోయింది.

"ఒక్కటి! ఈ ఒక్కటి విని వెళ్ళు!" బాబాయి కూడా లేచి నిలబడ్డాడు. "మొదటి షిఫ్టు దిగి వస్తున్నాం. మధ్యాహ్నం, ఎండ మాడిపోతోంది. మేస్త్రీ నిద్రపోయాడు. తూకం ఆయన గురక. గుమాస్తా తలకాయ నా భుజం మీద. నాకూ కునుకు పట్టింది. నలుగురం నిద్రే! కళ్ళు తెరిచి చూద్దును కదా, ఎక్కడున్నాం? ఇంటి ముందు! దారిలో పదకొండు మలుపులు, సంత వీధిలో జనం, అన్నీ దాటి వచ్చేసింది. ఒక్కరోజు కాదు మాస్టరూ, పదకొండేళ్లు! రోజూ మధ్యాహ్నం ఇదే! మేం ఎక్కడం, నిద్రపోవడం, అది ఇల్లు చేర్చడం. ఇంకా విను. మధ్యలో రైలు గేటు. గూడ్సు పోయింది, గేటు మనిషి గేటు తీయడం మర్చిపోయి అటు తిరిగి కూర్చున్నాడు. అప్పుడేం చేసిందో తెలుసా? హారన్ కొట్టింది. గట్టిగా కాదు. చిన్నగా. రెండంటే రెండుసార్లు. మా నిద్ర చెడుతుందని అంత మెల్లగా నొక్కింది. అంత మెల్లగా ఎవరూ హారన్ కొట్టగా నేను వినలేదు ఇప్పటిదాకా."

లోపల పిన్ని కిటికీకి ఇంకా దగ్గరగా జరిగింది.

అద్దంలో మూడు, పక్క సీట్లో ఒకటి, నాలుగు తలలు వాలిపోయి కనిపించేవి రోజూ. పొద్దుట్నుంచీ మగ్గాల మోతలో పనిచేసి, నోళ్ళు తెరుచుకుని, చిన్నపిల్లల్లా పడుకునేవాళ్ళు. అంత నమ్మకంగా నలుగురు తన కారులో నిద్రపోతుంటే ఆ కాసేపూ రోడ్డంతా తనదే అనిపించేది. గేటు దగ్గర బొటనవేలితో చిన్నగా రెండుసార్లు నొక్కేది. ఆ సంగతి తనకి తప్ప ఎవరికీ తెలియదనుకుంది ఇన్నాళ్ళూ. అంటే ఈయన నిద్రపోలేదన్నమాట. పదకొండేళ్లూ కళ్ళు మూసుకుని వింటూ కూర్చున్నాడన్నమాట, నోటి నిండా అన్ని మాటలున్న మనిషి, ఒక్క మాట కూడా అనకుండా.

"ఒకటి అడుగుతాను బాబాయ్," కటింగ్ మాస్టరు రెండో చెప్పు కూడా వేసుకున్నాడు. "నలుగురూ నిద్రపోయారన్నారు కదా. మరి ఆ హారన్ ఎవరు కొట్టారు?"

బాబాయి మెల్లగా కిటికీ వైపు చూశాడు.

"నేను," అంది పిన్ని.

పళ్ళెం పట్టుకుని వరండాలోకి వచ్చి ఒక్కొక్కరి చేతిలో గ్లాసు పెట్టింది. మాస్టరు మెట్టు మీదే నిలబడి ఆవిడ చేతుల వైపు చూశాడు.

"మీరా తోలేది పిన్నీ?"

"పదకొండేళ్లు. లీటరుకి పద్నాలుగు కిలోమీటర్లు ఇస్తుంది, నెల కాదు. నలుగురం పంచుకుంటే నీ స్కూటర్ కంటే తక్కువే పడుతుంది. వానొస్తే తడవవు. నీ స్కూటర్ పొగా రోడ్డెక్కదు. కొండ సంగతి నాకు తెలీదు."

ప్యాకింగ్ అమ్మాయి ఇస్త్రీ కుర్రాడి వైపు చూసింది. ఇద్దరూ మాస్టరు వైపు చూశారు. మాస్టరు టీ ఒక గుక్క తాగి, చెప్పులు విడిచేసి, మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"సోమవారం ఎన్నింటికి పిన్నీ?"

"ఆరున్నరకి."

"అయిదు పది నిమిషాలు అటూ ఇటూ అయితే…"

పిన్ని జవాబు చెప్పబోయింది. ఈలోపే బాబాయి ముందుకు వంగి, మాస్టరు మోకాలి మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అన్నాడు. ఇంత మెల్లగా ఆయన మాట్లాడ్డం వాళ్ళెవరూ ఎప్పుడూ వినలేదు.

"ఆరున్నరంటే ఆరున్నరే మాస్టరూ, ఆవిడ ఆగదు. ఒకసారి నన్నే వదిలేసి వెళ్ళిపోయింది."