బిందువు అంటే ఏటి?

ఈరోజు ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ట్యూషన్ మాస్టారింట్లో ఆయన, ఆయన భార్య కోటేశ్వరి గారు, నన్ను తీసుకొచ్చిన మా అత్త, నేను ఉన్నాం. మాస్టారు రిటైరైన రైల్వే గుమాస్తా. లెక్కల బ్యాచిలో ఒక్క సీటే మిగిలింది. అది దొరక్కపోతే నన్ను ఊరికి తిరిగి పంపేస్తానంది అత్త.

"జామెట్రీలో బిందువు అంటే ఏటి?" అని అడిగారు మాస్టారు.

"దానికి నిర్వచనం లేదండి."

"సదవనేదని సెప్పు. సిగ్గేటి?"

"చదివానండి. ఒక మాటకి అర్థం ఇంకో మాటతో చెప్పుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఆగాలి కదండీ. బిందువు దగ్గర ఆగారని మా ఊరి బళ్లో చెప్పారు."

"ఠీక్ హై. సెట్ థియరీలో సమితి అంటే?"

"దానికీ లేదండి."

"ఏ బ్రాంచిలో అడిగినా నేదేనా? రైల్వేలో స్టేషన్ అంటే ఏటో, సిగ్నల్ అంటే ఏటో రూల్ బుక్కులో ఉంటాది. కామాలతో సహా బట్టీ పట్టించి నలభైమందికి ప్రమోషన్ ఇప్పించినాను. లెక్కలకి మాత్రం రూల్ ఉండదా? రాసుకో. బిందువు అంటే స్థానాన్ని సూపించేది."

"స్థానం అంటే ఏంటండీ?"

"బిందువు ఉన్న సోటు."

"మరి సమితి?"

"వస్తువుల సముదాయం."

"సముదాయం అంటే?"

"సమితే!"

వంటింట్లోంచి కోటేశ్వరి గారి నవ్వు వినిపించింది. మాస్టారు నోట్సు మూసేశారు.

"మాస్టారూ, నాకు సీటు ఇస్తారాండీ?"

"సీటుందమ్మా. అడిగే పిల్లలకి కాదు, సెప్పింది రాసుకునే పిల్లలకి," అని నన్ను గుమ్మం దాటించి తలుపేసేశారు.