పోయిన పిల్ల ఫోటో

షట్టర్ సగమే ఎత్తిన ఫోటో స్టూడియో. ఫోటోగ్రాఫరూ, పొద్దున్నే వచ్చిన ఒక తల్లీ.

“వంగి రండక్కా, తల జాగ్రత్త. ఇంకా లైట్లు కూడా వెయ్యలేదు. ఏంటింత పొద్దున్నే?”

“మా అమ్మాయి ఫోటో కావాలి బాబూ. పుట్టినరోజుకి తీశావే, అదే.”

“ఇంకో కాపీయా? రెండు నిమిషాలు.”

“కాపీ కాదు. ఒరిజినల్. నువ్వు సరిచెయ్యకముందుది.”

“సరిచెయ్యకముందుదా! అక్కా, ఆవేళ నా పక్కన కుర్చీ వేసుక్కూర్చుని ‘ఇంకాస్త తెలుపు, ఇంకాస్త తెలుపు’ అన్నది మీరే కదా? గోడకి సున్నం కొట్టేవాడు కూడా రెండు పూతలకి ఆపుతాడు. మీరు నాలుగు వేయించారు.”

“ఉందా, లేదా?”

“ఎక్కడుంటుంది? ‘తీసెయ్, ఎవరి కంటన్నా పడితే పరువు పోతుంది’ అన్నారు. తీసేశా.”

“ఎక్కడో ఒకచోట ఉంటుంది. చూడు బాబూ.”

“లేదక్కా, ఒట్టు. అయినా ఇప్పుడెందుకు?”

“పనుంది.”

“అమ్మాయి ఫోన్లో బోలెడు సెల్ఫీలుంటాయిగా?”

“అన్నీ చూశా. ఒక్కదాన్లో కూడా అది లేదు. అన్నిట్లో ఏదో పింగాణీ బొమ్మ. నవ్వినవాటిల్లో నోటికి చెయ్యి అడ్డం.”

“ఫోన్ మీ చేతికిచ్చిందా! మా ఇంట్లో అయితే ప్రాణమైనా ఇస్తారు గానీ...”

“ఇవ్వలేదు. ఇంట్లో పెట్టింది.”

“స్కూలు కార్డు మీద ఫోటో?”

“అదీ నీ చేతి చలవే.”

“నిజమే, మర్చిపోయా. ఆ ముక్కు నేనే చెక్కా.”

“అయితే ఆ పుట్టినరోజు ఫోటోనే మళ్ళీ ముందులా మార్చు. నల్లగా చెయ్యి.”

“నల్లగానా? ఇరవయ్యేళ్ళలో నల్లగా చెయ్యమన్న మొదటి తల్లి మీరే అక్కా! ముందు మిమ్మల్ని ఫ్రేము కట్టించాలి.”

“తొందరగా కానీ.”

“సరే సరే, చెప్పండి.”

“చామనఛాయ కాదు, అంతకంటే ఒక ఛాయ తక్కువ. ముక్కు బండ. కుడి బుగ్గ మీద మూడు మొటిమల మచ్చలు, చెవి కింద ఒకటి. పై పళ్ళు కాస్త ఎత్తు. గడ్డం కింద కండ. నుదురు వెడల్పు.”

“అబ్బో! ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పారే. మరి కళ్ళు? వాటిని కూడా పెద్దవి చేశాం కదా. అసలెలా ఉంటాయి?”

“కళ్ళా...”

“చిన్నవా? కోలగా ఉంటాయా? రెప్పలు దట్టమా?”

“బాగానే ఉంటాయి.”

“బాగానే అంటే కంప్యూటర్‌కి అర్థం కాదక్కా.”

“వాటికి నేనెప్పుడూ వంక పెట్టలేదు బాబూ. అందుకే... సరిగ్గా చూళ్ళేదు.”

“సర్లెండి, మీ ఇంటి సంగతే అనుకోకండి. మా చిన్నదానికి ఎనిమిదేళ్ళు. మొన్న అద్దం ముందు నిలబడి, ‘నాన్నా, అందరికీ చేస్తావుగా, నాక్కూడా ముఖం చెయ్యవా?’ అంది. నవ్వలేక చచ్చా.”

“కళ్ళు చూడు బాబూ, కళ్ళు.”

“చూస్తున్నా. నాకు గుర్తున్నంతలో వేస్తా. నిన్ననే కనపడిందిగా.”

“నిన్నా? ఎప్పుడు? ఎక్కడ?”

“సాయంత్రం. ఇక్కడే, షోకేసు ముందు. ఈ ఫోటోనే పెద్దది చేసి పెట్టా కదా. అది పెట్టిన దగ్గర్నుంచీ ఒకటే గిరాకీ. తన క్లాసు పిల్లలే నలుగురొచ్చి ‘మమ్మల్నీ ఈ అమ్మాయిలా చెయ్యండంకుల్, ఎవరీ అమ్మాయి?’ అన్నారు. మీ అమ్మాయి పక్కనే నిలబడుంది. ఒక్కతీ గుర్తుపట్టలేదు! నాకు నవ్వాగలేదనుకోండి.”

“అది నవ్విందా?”

“ఆఁ... నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వనే అనుకున్నా.”

“తర్వాత?”

“తర్వాతేముంది, వెళ్ళిపోయింది.”

“ఎటు? ఎటు వెళ్ళింది? బట్టలేం వేసుకుంది?”

“బస్సులు ఆగే వైపు. బట్టలు... ఏమో, చూళ్ళేదు. భుజాన సంచీ ఉంది. ఏంటక్కా, అలా రోడ్డు మీదికి చూస్తున్నారు? కూర్చోండి. ఇవిగో నీళ్ళు. అసలీ ఫోటో దేనికి?”

“నిన్నట్నుంచి అది ఇంటికి రాలేదు బాబూ. పోలీస్ స్టేషన్‌కెళ్ళి నువ్విచ్చిన ఫోటో ఇచ్చా. అక్కడి ఎస్సై దాన్ని చూశాడు, నన్ను చూశాడు. ‘పోయిన పిల్ల ఫోటో తెండమ్మా, మీకు కావలసిన పిల్లది కాదు’ అన్నాడు.”