ముందు కరివేపాకు

హలో… ఆ, నేనే అత్తయ్యా, శరణ్యనే! … వినపడటం లేదా? ఒక్క నిమిషం — గౌరవ్, మ్యూజిక్ ధీమా కరో! సాసూమా కా ఫోన్ హై! — ఆ, పాట తగ్గించాడు, ఇప్పుడు చెప్పండి.

… గోలా? మా వంటల ఆట ఫోన్లలో విడుదలైందిగా, పొద్దున్నే! ఆఫీసు వాళ్ళందరూ మా ఇంటికే వచ్చేశారు. అందరూ అంటే నలుగురమే లెండి. ఢిల్లీ పక్కన ఈ వైశాలిలో, మా ఇరుకు ఫ్లాటుకి నలుగురంటే తిరునాళ్ళే. కేకు పెట్టడానికి చోటు లేక వాషింగ్ మెషీన్ మీద పెట్టాం.

… అదే, "పోపులపెట్టె". మీరు పెళ్ళిలో ఇచ్చిన స్టీలు పెట్టె చూసే బొమ్మ గీయించాను. మూత తీస్తే లోపల గిన్నెలన్నీ తళతళలాడతాయి, చూశారా? … చూశారా! ఎదురింటి శ్రీవల్లి మీ ఫోన్లో దించి పెట్టిందా? అయ్యో, నాకు చెప్పనేలేదే!

… మీ అబ్బాయి ఇంకా రాలేదు. మెట్రోలో ఉన్నారు. కరివేపాకు తెమ్మన్నాను.

… గొంతు అలా ఉందా? ఏం లేదత్తయ్యా… మొదటి రివ్యూ వచ్చింది. ఐదు స్టార్లకి ఒక్కటిచ్చారు. … ఒక్కటే కదా అంటే ఎలాగండీ? కొత్త ఆట. ఎవరేమన్నారో చూశాకే మిగతావాళ్ళు దించుకుంటారు. వాళ్ళకి ముందు కనిపించేది అదే. ఏడాది కష్టం! ఎవరో మహాతల్లి, పనీపాటా లేక… … ఏం రాసిందా? చదువుతానుండండి. "ఈ ఆట చేసిన పిల్లకి పోపు పెట్టడం రాదు." అంతే! పేరు కూడా లేదు. మందారపువ్వు ఫొటో ఒకటి…

…

అత్తయ్యా?

… మందారం… మీ వాట్సాప్‌లో ఉన్నదీ…

మీరా!

— కుఛ్ నహీ యార్! కేక్ మత్ కాటో అభీ! —

కేకు అప్పుడే కోయొద్దంటున్నాను, అంతే. … వంట భాగం ఎవరో ఢిల్లీ పిల్ల చేసిందనుకున్నారా? కాదండీ. … నేనే. … లేదు, లేదు, కోపం లేదు. ఒట్టు, నవ్వొస్తోంది. చెప్పండి, ఎక్కడ ఓడిపోయారు? … రెండో లెవెల్. పప్పులో పోపు. … ఆవాలు వేయగానే బాణలి మాడిపోయిందా? … మళ్ళీ ఆవాలే వేశారా? … మధ్యాహ్నమంతా ఆవాలేనా! అత్తయ్యా, అక్కడ ముందు కరివేపాకు వేయాలి.

… ఎందుకేంటండీ, నేను వేసేది అలాగే. కాగిన నూనెలో చుయ్యిమంటుంది కదా, ఆ చప్పుడంటే నాకు ప్రాణం. ఆటలో వినిపించేది మా స్టవ్వు మీద చప్పుడే, తెలుసా? … అమ్మా? అమ్మ నన్ను వంటింట్లోకి రానిస్తేగా, చదువుకో చదువుకో అనడమే. తర్వాత హాస్టల్ మెస్సు. ఇక్కడికి వచ్చాకే గరిటె పట్టుకున్నాను. … ఆవాలు చిటపటమనేసరికా? ఆ… కరివేపాకు నల్లబడుతుంది. బాగానే నల్లబడుతుంది. … అలా అవ్వకూడదా?

…

మరి ఇక్కడ ఎవరూ చెప్పలేదే! గౌరవ్ వాళ్ళకి కరివేపాకే కొత్త. వాళ్ళూ ఓడిపోతుంటే, కష్టంగా ఉంటేనే ఆట అనుకున్నాం.

… మీ అబ్బాయా? ఒక్క మాటా అనలేదండీ. కాపురం పెట్టిన రోజు నుంచీ ఆ పోపే. రోజూ "అదిరింది" అంటారు. … ఏంటీ? చిన్నప్పుడు మాడిన కరివేపాకు కనిపిస్తే కంచం ముందు నుంచి లేచిపోయేవారా? … ఒక్క రెబ్బకే? … మావయ్యగారు కేకలేసినా?

…

ఇంకోసారి చెప్పండి అత్తయ్యా. … ఏడవటం లేదు, నవ్వుతున్నాను. … అయ్యో, ఇప్పుడు గుర్తొస్తోంది! ఈ ఆటని అందరికంటే ముందు ఆయనతోనే ఆడించాను. ఆ లెవెల్ మొదటిసారికే దాటేశారు! కాస్తయినా ఆలోచించలేదు. కరివేపాకు పడేసి, ఆ తర్వాత ఆవాలు. ఎలా తెలిసిందంటే, "రోజూ చూస్తున్నాగా" అన్నారు.

… నేను మార్చేశానా? మీ పెంపకమేనండీ, నేనేం చేశాను!

… మారుస్తాం, ఇప్పుడే. — గౌరవ్! లెవెల్ టూ మే పహలే రాయీ, కఢీపత్తా బాద్ మే! — ముందు ఆవాలు, తర్వాతే కరివేపాకు అని చెప్పేశాను. మరి మీ స్టార్లు? … ఆడి చూశాకే ఇస్తారా! కోడలినన్న జాలి కూడా లేదా? … సరే, సరే. న్యాయం న్యాయమే.

ఒక్కటి మాత్రం ఉంచుతానండీ. ఎవరైనా ముందు కరివేపాకు వేస్తే ఇక బాణలి మాడదు. ఒక మొగుడు వచ్చి పీట వేసుకుని కూర్చుంటాడు. నల్ల రెబ్బలన్నీ నమిలి మింగేసి, "అదిరింది" అంటాడు. లెవెల్ దాటినట్టే. … బాగుందా! దానికి ఎన్ని స్టార్లు ఇవ్వమంటారు, ఒకటా? … ఐదా! మీరేనా చెప్పేది?

… బెల్ మోగింది, ఆయనే. … లేదు, ఏమీ అడగను. ఇవాళ ఆవాలు ముందు వేసి, ముఖం ఎలా పెడతారో చూస్తాను. మీకు రేపు చెబుతాగా. — వస్తున్నా, వస్తున్నా! — అబ్బ, అత్తయ్యా, ఎంత కట్ట తెచ్చారో! ఢిల్లీలో ఉన్న కరివేపాకంతా కొనేసినట్టున్నారు. ఉంటానండీ —