వంతెన మీద ట్రంకు పెట్టె

"మామ్మగారూ, ఎల్లుండి మేం నలుగురం డార్జిలింగ్ వెళ్తున్నాం. జనరల్ టికెట్లే. మీరు ఒక్క సంచితో కాశీ వెళ్ళొచ్చారట కదా, సామాను ఎలా సర్దుకోవాలో చెప్పండి. ఫోన్‌లో రికార్డు చేసుకుంటాను."

నొక్కినావా? ఎర్రగా ఎలుగుతంది, అదేనా? సరే. కూకో తల్లీ. ఆ మంచం మీద కాదు, అది ఊగుతాది, ఇలగ పీట మీద కూకో.

ముందు ఏటేటి ఎట్టుకుంటన్నావో సెప్పు. ఊఁ. జోళ్ళు మూడు జతలా. ఊఁ. జుట్టు ఆరబెట్టుకునే మిసనా. మరి మూడు బేగులంటన్నావు, అవి నలుగురికీ కలిపా, నీకొక్కదానికేనా? నీకొక్కదానికే. నవ్వకు తల్లీ, నాను నవ్వుతాలికి అడగలేదు. మూడు బేగులు అనీసరికి నాకు ఇక్కడ, గుండెల కింద, దడ మొదలైపోనాది. ఇప్పటికీ అంతే. టేసన్లో ఎవులైనా ఆడమనిసి సంకలో పిల్లనెత్తుకొని, నెత్తి మీద పెట్టె ఎట్టుకొని ఎల్తంటే నాను సూడలేను, మొకం తిప్పీసుకుంటాను.

ఎందుకంటే, అది ఎనబై నాలుగో అయిదో. మా పెద్దపాప లచ్చికి మూడేళ్ళు. కాదు, ఆగు, మూడు నిండలేదు, భాద్రపదంలో నిండుతాయి, మేం ఎల్లింది శ్రావణంలో. మా ఆయన, మీ తాతగారు, అప్పుడు ఈ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దున్న సైరన్ కూస్తే మన ఈ పూరీ గేట్ పేట నుంచి సైకిళ్ళు సీమల బారులాగ ఎల్లీవి, ఆయన సైకిలు నాకు సప్పుడుని బట్టి తెలిసిపోయీది, సైను వదులు. సరే, అది కాదు సెప్పొచ్చింది. మా ఆడపడుసు నూకాలుని పలాస అవతల ఇచ్చినాము. ఆ పిల్లకి తొలి కానుపు. మా అత్త, అంటే మీ తాతగారి తల్లి, పురుడు పోయడానికి బయలెల్లినాది. ఈయనకి సెలవు దొరకలేదు. "నువ్వు తోడెల్లు పారోతీ, అమ్మ ఒక్కతే ఎల్లలేదు" అన్నారు. రైల్వే పాసుంది గాని రిజర్వేసను దొరకలేదు. జనరల్ పెట్టిలో ఎక్కినాము.

మా అత్త సామాను సర్దిందంటే నువ్వు సూడాల. ఇనప ట్రంకు. అందులో శొంఠి, పిప్పళ్ళు, వాము, నెయ్యి డబ్బా, ఉతికి మడతెట్టిన పాత నూలుసీరలు పదో పన్నెండో, ఇత్తడి సెంబులు, ఉయ్యాల గొలుసులు. ఆ గొలుసులు మా ఆయన్ని ఊపినవి, నూకాల్ని ఊపినవి. అవి ట్రంకులో అడుగున ఏసింది. ట్రంకు కాక పక్కబట్టలు సుట్టిన హోల్డాలు. అది కాక ఆవకాయ జాడీ. అది కాక దుప్పట్లో కట్టిన బియ్యం మూట. "పలాసలో బియ్యం దొరకవా అత్తా" అన్నాను. "మా బియ్యం మావి" అన్నాది. కోడల్ని, ఏటి మాటాడతాను. టీ పావలా ఉండీది అప్పుడు, కూలీకిచ్చే డబ్బులతో ఇంటిల్లిపాదీ టీలు తాగొచ్చనీది అత్త. అంచేత కూలీ లేదు, మేమే మోసుకున్నాము. రైలు ఆగిన ప్రతి టేసన్లోనూ లెక్కెట్టీది. ట్రంకొకటి, హోల్డాలు రెండు, జాడీ మూడు, మూట నాలుగు, గుంట అయిదు. పిల్ల కూడా లెక్కలోదే.

తెల్లారీసరికి వాన. ఒరిస్సాలో ఎక్కడో, పొలాల మధ్యన బండి ఆగిపోనాది. గంట, రెండు గంటలు. మొగోళ్ళు కొందరు దిగి ముందుకెల్లి సూసొచ్చినారు. తరవాత గార్డు ఒక్కొక్క పెట్టి కాడికీ వొచ్చి సెప్పినాడు, ఏరు పొంగింది, బ్రిడ్జి మీద బరువు ఎక్కనివ్వరు, బండి ఇక్కడితో సరి, అవతల గట్టున ఇంకో బండి ఉంది, నడిసి దాటండి అని. నడిసి దాటడమేటి అనుకున్నాను. నాకు అర్థం కాలేదు తల్లీ. మన టేసన్లో పైన వంతెన ఉంటాది కదా, అలగుంటాదనుకున్నాను.

వంతెన కాడికి ఎల్లి సూసీసరికి నా కాళ్ళు అక్కడే ఆగిపోనాయి. ఇనప గర్డర్లు. అడ్డంగా సెక్క దుంగలు, వాటి మీద పట్టాలు. నడవడానికి పలకల్లేవు. దుంగకీ దుంగకీ మధ్యన జానెడు పైన ఖాళీ. ఆ ఖాళీలోంచి ఎర్రటి నీళ్ళు. అరుపులాగుంది ఆ నీళ్ళ సప్పుడు, పక్క మనిసి మాట ఇనపడదు. పక్కన పట్టుకోడానికి ఏటీ లేదు. ముందెల్లీవోళ్ళు ఒకరెనకాల ఒకరు ఎల్తన్నారు, వొంగి కాళ్ళు సూసుకొని. ఒక బెంగాలీ ఆయన, బుజాన జోలె తప్ప ఏటీ లేదు, మమ్మల్ని దాటి ఎల్తా, "ఎతో మాల్ కేనో దీదీ" అన్నాడు. ఇంత సామానెందుకమ్మా అని. అనీసి ఎల్లిపోనాడు. ఆయన తప్పేటుంది, ఎవుల పేణం వోళ్ళది.

"ఒగ్గీసి ఎల్దామా అత్తా, హోల్డాలైనా" అన్నాను. "నూకాలి పురిటి సామాను, ఒగ్గీడమేటి" అన్నాది. జాడీ ఒక సెయ్యి, మూట నెత్తి మీద, తను ముందు. ఎనక నాను. నెత్తి మీద ట్రంకు, దాన్ని అట్టుకోడానికి కుడిసెయ్యి. బుజానికి హోల్డాలు. ఎడం సంకలో లచ్చి. మా ఎనక ఇంకా ఎంతమందో.

మొదట్లో బాగానే నడిసినాము. ఒక దుంగ, ఇంకో దుంగ. వానకి తడిసి దుంగలు జారతన్నాయి. ఖాళీలోంచి నీళ్ళు సూడకూడదు, సూస్తే నీళ్ళు ఆగిపోయి మనమే పక్కకి కొట్టుకుపోతన్నట్టు ఉంటాది. నాను సూడలేదు. అత్త సూసినాది. నడి వంతెన కాడికి వొచ్చీసరికి తను అలగ ఆగి, నాకేసి తిరిగి, అలగే దుంగ మీద కూలబడిపోనాది. నెత్తి మీద మూట ఒళ్ళో పడింది. జాడీని రెండు సేతులా గుండెలకి అదుముకొని, నా కాళ్ళకేసి సూస్తంది. కళ్ళు గాజుగోళీల్లాగయిపోనాయి.

"అత్తా లే" అన్నాను. లేవదు. ఎనకనుంచి జనం అరుస్తన్నారు, ఆగకండి, ఆగకండి అని. నాకు పక్కకి తప్పుకోడానికి జాగా లేదు. అప్పుడు లచ్చి జారడం మొదలెట్టింది. తడి గౌను కదా. నా నడుం మీదనుంచి కొంచెం కొంచెం కిందికి. "అమ్మా, జారతన్నాను" అంటంది. ఏడవలేదు, మామూలుగా సెప్తంది, నీళ్ళు కావాలన్నట్టు. "అత్తా, గుంటనట్టుకో" అన్నాను. అత్త సూస్తంది. పిల్ల కాళ్ళు తన మొకం కాడే ఏలాడతన్నాయి. అట్టుకోలేదు.

ఇప్పుడు ఒక మాట సెప్తాను. ఇది మీ తాతగారికి కూడా నాను సెప్పలేదు. పిల్ల జారిపోతంటే నా కుడిసెయ్యి ఏటి సేసిందో తెలుసా? ట్రంకుని ఇంకా గట్టిగా అట్టుకున్నాది. ట్రంకుని. నా సెయ్యే, నా మాట ఇనలేదు. ఎంతసేపో తెలీదు, కన్ను మూసి తెరిసినంత సేపు. అంతసేపూ నా బుర్రలో పిల్ల లేదు తల్లీ. పడిపోతే అత్త ఏటంటాదో అనే ఉంది.

తరవాత ఒదిలీసినాను. ట్రంకు ఎనక్కి దొర్లి, పట్టాకి తగిలి, నీళ్ళలోకి ఎల్లిపోనాది. సప్పుడు కూడా ఇనపడలేదు. ఆ సేత్తో లచ్చి జబ్బ దొరకపుచ్చుకున్నాను. పైకి లాగి, దుంగ మీద మోకాళ్ళ మీద కూకున్నాను.

మన పూరీ గేట్ బజారుకి అడివి పల్లెల సంతాలీ ఆడోళ్ళు కట్టెలమ్మడానికి వొచ్చీవోళ్ళు, సంటి పిల్లల్ని ఈపుకి గుడ్డతో కట్టుకొని. రోజూ సూసీదాన్ని. అది గుర్తొచ్చింది. అత్త ఒళ్ళో మూట లాక్కొని ముడి ఇప్పీసినాను. బియ్యం అంతా దుంగల సందుల్లోంచి నీళ్ళలోకి పోనాయి. ఆ దుప్పటితో లచ్చిని ఈపుకి ఏసి, గుండెల మీద రెండు ముళ్ళు, నడుం కాడ ఒక ముడి. హోల్డాలు కూడా తోసీసినాను. ఇంక నా దగ్గిర పిల్ల తప్ప ఏటీ లేదు. అప్పుడు అత్త సేతివేళ్ళు ఒక్కొక్కటీ జాడీ మీదనుంచి ఊడదీసినాను. అలగ బిగుసుకుపోనాయి. జాడీ ఆ దుంగ మీదే ఒగ్గీసినాము. ఎవులు తన్నేసినారో, ఎవులు తీసికెల్లినారో.

"నన్నొగ్గీసి గుంటని తీసుకొని ఎల్లిపో" అన్నాది. అదే మొదటి మాట. నాను ఇనలేదు. పట్టా అట్టుకొని తన అవతలికి పాకి, తన రెండు సేతులూ అట్టుకొని లేపి, నాను ముందు, ఎనక్కి నడుస్తా, తనని లాక్కుంటా. "నీళ్ళు సూడకు, నా మొకం సూడు." నాను ఎనక్కి ఎల్తన్నాను కదా, దుంగ ఎక్కడుందో కాలితో తడుముకోవాల. ఒకపాలి కాలు ఖాళీలో పడి పిక్క దాకా దిగిపోనాది. ఇదిగో, మచ్చ. అవతల గట్టు కాడ పట్టాల పని సేసే గేంగుమేను ఒకాయన మోకాలి దాకా బురదలో నిలబడి, సెయ్యందించి దించినాడు. ఒడియాలో ఏటో అన్నాడు. నాకు ఇనపడలేదు, సెవుల్లో నీళ్ళ హోరే.

రెండో బండిలో కూకున్నాం. అత్త కిటికీలోంచి బయటికి సూస్తంది. నాకు నీళ్ళ జడుపు పోయి ఇంకో జడుపు పట్టుకుంది. ట్రంకు పారీసినాను. నూకాలి అత్తోరేటంటారు, ఈయనేటంటారు. అంతకన్నా, నా సెయ్యి ముందు దేన్ని అట్టుకుందో అత్త సూసింది. నా ఎదురుగానే కూకుంది కదా. సూసే ఉంటాది. కొడుకుతో సెప్తాది. ఈ తల్లికి పిల్లకన్నా పెట్టె ఎక్కువని సెప్తాది.

మేం ఎల్లీసరికి నూకాలుకి ఆడపిల్ల పుట్టీసింది. వొట్టి సేతులతో గుమ్మంలో నిలబడ్డాము. పురుడు ఆగిందేటి? శొంఠి ఒకరింటినుంచి, పాతసీరలు ఇంకొకరింటినుంచి, ఉయ్యాలకి నులకతాడు. పిల్ల హాయిగానే పడుకుంది దాంట్లో. ఉన్న పది రోజులూ అత్త నాతో కావలసిన మాటే మాటాడింది. ఉప్పందుకో, నీళ్ళెట్టు. అంతే.

తిరిగొచ్చినాము. అప్పటికి ఏరు తగ్గింది, బండి వంతెన మీద నెమ్మదిగా పోతంటే నాను లచ్చిని ఒళ్ళో ఎట్టుకొని కళ్ళు మూసుకున్నాను. ఖరగ్‌పూర్‌లో ఈయన ప్లాట్‌ఫారం మీద ఉన్నారు. "ట్రంకేదే" అన్నారు నన్ను. అత్త ముందుకొచ్చి, "నానే పారీమన్నాను. నీకు కూతురు కావాలా, పెట్టె కావాలా" అన్నాది. ఆయన లచ్చిని నా సంకలోంచి ఎత్తుకున్నారు.

మర్నాడు మజ్జానం, క్వార్టర్ ఎనక కుళాయి కాడ బట్టలు జాడిస్తన్నాను. అత్త వొచ్చి గట్టు మీద కూకుంది. నాకేసి సూడకుండా అన్నాది, "గుంట కాళ్ళు నా మొకానికి తగిలినాయే." నాను బట్ట ఆపీసినాను. "అట్టుకోమన్నావు. ఇనపడింది. నా సేతులు జాడీని ఒదల్లేదు. పడిపోతే ఏటి సేసీదాన్ని, నా కొడుక్కి ఏ మొకం సూపించీదాన్ని" అన్నాది. పది రోజుల్నుంచీ నాను తనకి జడుస్తన్నాను, తను నాకు జడుస్తంది. "నా సెయ్యి కూడా ముందు ట్రంకునే అట్టుకుంది అత్తా" అన్నాను. తను నాకేసి సూసింది. సూడలేదని అప్పుడు తెలిసింది నాకు. సెప్పకపోయినా పోయీది. లేసి, బకెట్లో బట్టలు తీసి నాతో పాటు పిండింది. ఆ మాట మళ్ళీ ఇద్దరం ఎత్తలేదు, తను పోయీవరకూ.

అదమ్మా. తరవాత తొంభైల్లో ఆయన పాసు మీద పూరీ ఎల్లినాను, కాశీ ఎల్లినాను, తిరపతి ఎల్లినాను. ఈయన పాత ఖాకీ పేంటు ఇప్పి కుట్టిన సంచొకటే, బుజానికి అడ్డంగా ఏసుకునీది. ఒంటి మీదొక సీర, సంచిలో ఒకటి. పల్చటి తువ్వాలు, అది తుడుసుకోడానికీ, కప్పుకోడానికీ, ముడేసుకోడానికీ. సబ్బు సగం ముక్క. స్టీలు గళాసు. అటుకులూ బెల్లం. మాత్రలు సిన్న డబ్బాలో. పాసు బొడ్డు కాడ. సంచి సర్దీసినాక దాన్ని ఏసుకొని ఇంట్లో అటూ ఇటూ నడిసి సూసీదాన్ని, రెండు సేతులూ ఖాళీగా ఉన్నాయా లేవా అని. లేకపోతే ఒకటి తీసీసీదాన్ని. ఏ వస్తువైనా సేతిలోకొచ్చిందంటే, అది నువ్వు దాన్ని అట్టుకున్నట్టు కాదు తల్లీ, అదే నిన్ను అట్టుకుంటాది. నాకు తెలుసు.

లచ్చికా? దానికేటీ గుర్తు లేదు. దుప్పటి ముడి డొక్కలో గుచ్చుకుందంట, అదొక్కటే గుర్తంటాది.

ఆ జుట్టు మిసను ఇక్కడ ఒగ్గీసి ఎల్లు, నాను దాస్తాను. జోళ్ళు ఒక్క జత. కొండ మీద సలంట కదా, నా ఉన్ని సాలువా ఉంది, బరువుండదు, తీసుకెల్లు. నలుగురూ ఒకరినొకరు కనిపెట్టుకొని ఉండండి. ఎల్లి దిగీసరికి ఏ టైమవుతాది? ఏ టైమైనా నాకు ఫోను సెయ్యి, నాను మేలుకునే ఉంటాను. సల్లగా ఎల్లి సల్లగా రా, మా తల్లి. నీ సేతులు సల్లగుండాల... ఇలగ రా, ఒకపాలి నీ సెయ్యి ఇలగియ్యి.