లంబసింగి ఘాటు దిగిన గ్లాసుడు నూనె

దేవీప్రసాద్ గారు విశాఖలో సూక్ష్మజీవుల మీద జీవితమంతా పరిశోధన చేసిన మనిషి. రేపు అధికారులు చూస్తుండగా, ఆయన గడ్డితో తయారుచేసిన నూనె పోసుకుని, బడిపిల్లల్ని ఎక్కించుకుని మల్లేశు జీపు సీలేరు ఘాటు రోడ్డు ఎక్కాలి. మల్లేశుకు బతుకుతెరువు ఆ జీపొక్కటే. చింతపల్లి టీ కొట్టు దగ్గర, డ్రైవరు ధర్మను పక్కన పెట్టుకుని, జీపు తాళం చేత్తో పట్టుకుని, ఆయన చెప్పేది వింటున్నాడు.

"మొదట్లో పెద్ద సంగతేం కాదయ్యా. మీ కాఫీ తొక్కల కుప్ప కింద, కుళ్లిన గడ్డిలో ఒక చిన్న జీవిని పట్టాను. గడ్డి తిని నూనె ఇస్తుంది, అంతే. సీసాలో పెట్టి ఇంటికెళ్లాను. పొద్దున్నే వచ్చేసరికి ఏమైందో తెలుసా? పక్కనున్న చెక్క స్టూలు లేదు, దాని చోట నూనె మడుగు! మర్నాడు బీరువా పోయింది, ఆ తర్వాత తలుపు పోయింది, పాపం మా అటెండరు వెదురు కర్రతో వస్తే చేతిలో పట్టుకున్నంత మేరే మిగిలింది..."

"మా ఇళ్లన్నీ వెదురువే సార్," అన్నాడు మల్లేశు భయంగా.

"నా మాట వింటుందిలే. ఆ నూనె పోయిన నెల మీ జీపులోనే పోశానుగా, లంబసింగిలో. డీజిలంతా తీయించి ఒక్క టీ గ్లాసుడు! ఈ ధర్మే డ్రైవరు, నేను ముందు సీట్లో, వెనక జనం వేలాడుతూ. చప్పుడు లేదు, పొగ లేదు, ఘాటంతా దిగింది. ఆ వేగానికి లోయలో మంచు రెండుగా చీలింది. కిందకెళ్లి ట్యాంకు మూత తీస్తే ఏముందో తెలుసా? రెండు గ్లాసుల నూనె! దారిలో గడ్డి మేసిందన్నమాట. బ్రేకు వేయకపోతే సముద్రం మీద కూడా..."

నోళ్లు తెరిచి విన్నారందరూ. మల్లేశు తాళం ఆయన ముందుకు చాపాడు. మిరియాలు అమ్ముకునే కనక టీ గ్లాసు కింద పెట్టింది.

"ఆయేళ నాను ఎనకాల నిలబడ్డాను బాబూ. మొదటి మలుపులోనే ఇంజను ఆగిపోనాది. మీరు కబుర్లలో ఉన్నారు."

దేవీప్రసాద్ గారు ధర్మ వంక చూశారు. ధర్మ తల దించుకున్నాడు. డీజిలు మిగులుతుందని రోజూ ఘాట్లో ఇంజను ఆపేసే దింపుతామనీ, ఆ రోజు దానంతటదే ఆగిపోయిందనీ, తేడా ఏముందిలే అనుకున్నాననీ చెప్పాడు. చదును రాగానే జీపు నిలిచిపోయింది. ఊరొచ్చిందనుకుని సారు దిగిపోయారు.

చాపిన తాళాన్ని మల్లేశు గుప్పిట్లో బిగించాడు.

"ఇంజను నడిచిందని ఢిల్లీ అధికారులకు రాసి పంపేశానే," అన్నారు దేవీప్రసాద్ గారు మెల్లగా.

"ఆగిపోనాదని బేగి రాసీండి బాబూ," అంది కనక. "రేపు అందులో ఎక్కీది బడికెళ్లీ మా గుంటలు."