చుక్కలు వేసిన ఆదివారం

ఏందిరా జోయెలూ, మళ్ళ ఫోన్ తీస్తున్నవ్? జేబుల పెట్టు. నీకిప్పుడు అక్షరాలు కనవడయి, దగ్గర పెట్టుకున్నా దూరం పెట్టుకున్నా కనవడయి. సిస్టరు చుక్కలు వేసి పది నిమిషాలే అయింది. మండిందా? జర మండుతది. కంటిపాప మంచిగ విచ్చుకోవాలంటే ఇంకో అర్ధగంట పడుతది, కండ్లు మూసుకొని కూసో. ఏందీ? ఆఫీసుల మీటింగా? షుగరున్నోనివి, ఇంకో రోజు వస్తవా? నాకు చెప్తున్నవా ఆ మాట? నీ పెండ్లం జెస్సికా డ్యూటికి పోవాలె, "నానమ్మా, నువ్వన్న కూడ పో, లేకుంటే ఈయన నడుమనే లేచొస్తడు" అన్నది. ఎంత నిజం చెప్పింది పిల్ల. ఇంకో రోజు అన్నది మీ తాత గూడ. ప్రభుదాస్ తాత. కూసో, ఆయన ముచ్చట చెప్త, ఇనుకుంట కూసో. ఎట్లాగూ నీకు చూసేటందుకు ఏం లేదు.

ఆయన నీకు ఎక్కువ ఫోటోలల్లనే ఎరుక. తొంభై ఎనిమిదిల నువ్వింక చేతుల పిల్లగానివి. నువ్వు పనిచేసే గచ్చిబౌలి ఉన్నది చూడు, ఆడంత రాళ్ళగుట్టలు, సీతాఫలం చెట్లు. పొద్దుగూకితే ఆ తొవ్వన ఎవరు పోకపోయేటోళ్ళు. అటు మాదాపూర్ల ఆ గుండ్రటి బిల్డింగు లేస్తుండె, జనం బస్సులెక్కి పోయి చూసొచ్చేది, జాతరకు పోయినట్టు. మీ తాత ఆడ మేస్త్రి. దారం పట్టి గోడ చూసిండంటే ఇంజనీర్లు మళ్ళ చూడకపోయేటోళ్ళు. ఎర్ర దారం, చుట్ట చుట్టి ఎప్పుడూ అంగి జేబుల ఉండేది. నేను మిషన్ దవాఖానల ఆయాను గదా, షుగరున్నదని నేనే పట్టిన. "నువ్వేంది, ఇంట్ల గూడ నన్ను పేషెంటును చేస్తున్నవ్" అనేటోడు. చాయిల రెండు చెంచాల చక్కెర ఏసుకుంట అనేటోడు గా మాట! గడుసు మనిషి. నవ్వి నవ్వి నాకు కోపం గూడ సరిగ్గ రాకపోయేది. ఆ, ఏం చెప్తున్న? చర్చి. శేరిలింగంపల్లిల మన చర్చిల ప్రతి ఆదివారం వాక్యం చదివేది మీ తాతనే. చదువుకున్నది ఏడో తరగతి. గాని ఆ గొంతు! పాస్టరు ప్రసంగంల కునుకు తీసేటోళ్ళు గూడ మీ తాత చదివితే లేచి కూసునేది. వారమంత సిమెంటుల ఉండే మనిషి, తెల్లంగి తొడిగి ఆడ నిలవడితే నాకు గర్వమయ్యేది. చెప్పుకోవద్దు గాని, అయ్యేది.

ఆ ఎండకాలం చర్చి ఆవరణల షుగరున్నోళ్ళకు కండ్ల క్యాంపు పెట్టిన్రు. పాస్టరు కాళ్ళా వేళ్ళా పడి నేనే పెట్టిచ్చిన. ముందుగాల అక్షరాల బోర్డు. మీ తాత కింది వరుస దాక గడగడ చదివి నాదిక్కు చూసి కన్నుకొట్టిండు, "చూసినవా, నావి డేగ కండ్లు" అన్నడు. డాక్టరమ్మది కోస్తా దిక్కు. "ముందర చూపు బాగుంటే సరిపోదండీ, మీకు తెలియకుండానే షుగరు కంటి వెనకాల పొరని తినేస్తుంది. చుక్కలేసి లోపల చూడాల్సిందే" అన్నది. ఆ చుక్కలు వేసుడు నా పని. అరవై మంది వరుస. మన పక్కింటి కిష్టయ్య గూడ ఉండె వరుసల. ఒక్కొక్కరికి చెప్పుకుంట వేసిన, "నాలుగైదు గంటలు అక్షరాలు మసకగుంటయి, ఎండ కండ్లల గుచ్చుకుంటది, భయపడకున్రి, పొద్దుగూకే వరకు మంచిగైతది" అని. మీ తాత వచ్చి తల ఎత్తిండు. వేసిన. "ఏం కాదు, పో" అన్న. గంతే. అందరికి చెప్పిన మాట ఆయనకు చెప్పలే. ఇంటి మనిషే గదా అనుకున్న.

గింతల ఆరాధనకు గంట కొట్టిన్రు. ఆరాధన అయినంక లోపల చూస్తనన్నది డాక్టరమ్మ. మీ తాత పోయి ఎప్పటిలెక్క ముందర నిలవడ్డడు. అధ్యాయం పేరు చెప్పిండు, అది ముందే ఎరుక గదా. అందరు పేజీలు తిప్పిన్రు. ఇగ తర్వాత సప్పుడు లేదు. నేను తలుపు కాడికెల్లి తొంగి చూసిన. పుస్తకం ముక్కు కాడికి తెచ్చిండు. దూరం పట్టిండు. మళ్ళ దగ్గరికి తెచ్చిండు. ఎనకాల ఎవరో కిసుక్కున నవ్విన్రు. "ప్రభుదాసూ, అద్దాలేమన్న కావాల్నా?" అన్నడు పాస్టరు, మెల్లగనే అన్నడు పాపం. మీ తాత పుస్తకం మూసి, ఆడ పెట్టి, బయటికొచ్చిండు. మే నెల ఎండ. మొఖానికి చెయ్యి అడ్డం పెట్టుకొని, "ఎలిజబెత్, ఏం పోసినవ్ నా కండ్లల? అంత తెల్లగ మండుతున్నది" అన్నడు. ఆయన గొంతుల నేను భయం ఇన్నది గదే మొదలు. నేనేమన్న? ఒక ముసలామెకు చుక్కలు వేసుకుంట, తల గూడ తిప్పకుంట, "పనిల ఉన్న, పోయి నీడకు కూసో" అన్న. నీడకు పోలే రా. గోడ పట్టుకొని ఇంటికి పోయిండు. తర్వాత డాక్టరమ్మ పేరు పిలిస్తే మనిషి లేడు.

పొద్దుగూకే వరకు చూపు మంచిగైంది. అయితది. గాని చుక్కలంటే ఇగ దండం పెట్టిండు. నేను మొత్తుకున్న. అలిగిన, అన్నం తినుడు బంద్ చేసిన. "ఇంకో రోజు పోదాంలే" అంటుండె. రెండేండ్లు గా ఇంకో రోజు రాలే. ఒకనాడు పని కాడ గోడకు దారం పట్టి, "ఇది నల్లగున్నదేంది, నా ఎర్ర దారం ఎవడు తీసిండు" అని పోరగాండ్ల మీద ఒర్రిండట. అది ఆయన దారమే. కంటి లోపల రక్తం కారి చూపుల నల్లటి పోగులు తేలుతున్నయి. పెద్ద దవాఖానకు ఉరికితే, రెండేండ్ల కింద చూసి లేజరు పెడితే చూపు నిలిచేదన్నరు. ముందుగాల ఎడమ కన్ను పోయింది. యాడాది తిరగకముందే రెండోది. వెలుగు, మనుషుల నీడలు, గంతే మిగిలినయి.

ఇగ చూడు, మీరంత అప్పుడు వేరే ఊర్ల ఉండిరి, కండ్లు పోయినయని ఆయన ఎవరికి చెప్పనియ్యలే, మీ నాయనకు గూడ ఎరుక లేదు. వాక్యం చదువుడు మాత్రం మీ తాత ఇడువలే. శనివారం పొద్దంత నేను చదవాలె, ఆయన అప్పజెప్పాలె. పేజీ ఎక్కడ తిప్పాలెనో ఆడ ఎర్ర దారం పెట్టేది. వేలుతో తడిమి, దారం తాకంగనే తిప్పేటోడు. మోకాళ్ళ నొప్పులని చెప్పి పని మానిండు, ఆ నొప్పులనే చెప్పి నా భుజం పట్టుకొని చర్చికి నడిచేటోడు. మూడేండ్లు, ఒక్క మాట తప్పు పోలే. ఆయనను మట్టి చేసిన రోజు పాస్టరు ఏమన్నడు ఎరుకేనా? "ఆఖరి ఆదివారం దాక అద్దాలు లేకుంట చదివిండు మన ప్రభుదాసు, దేవుడిచ్చిన కండ్లు" అన్నడు. అందరు ఆమెన్ అన్నరు. నేను తల దించుకొని కూసున్న.

నన్నెప్పుడన్న అన్నడా అంటవా? లేదు. ఒక్క శనివారం మాత్రం అడిగిండు. "ఆనాడు మసకయితదని అందరికి చెప్పినవంట గదా, కిష్టయ్య అన్నడు." "ఔ, చెప్పిన" అన్న. పుస్తకంల ఎర్ర దారాన్ని వేలుతో తడిమిండు. ఎనక పుస్తకం నా ఒళ్ళ పెట్టిండు. "సరే, చదువు" అన్నడు. తిట్టినా బాగుండు రా. కొట్టినా బాగుండు.

అందుకే పొద్దటిసంది నీకు నాలుగుసార్లు చెప్పిన. గడ్డం స్టాండు మీద పెట్టమంటరు, లైటు గట్టిగ కొడుతది, పైకి చూడు కిందికి చూడు అంటరు, నొప్పుండదు. నీ బండి ఈడనే ఉంచి ఆటోల పోదాం, నల్లద్దాలు నా సంచిల తెచ్చిన. ఆఫీసోళ్ళు ఇంకో రోజు మాట్లాడుకుంటరు మీటింగు.

ఏందిరా? అరే, ఏడుస్తున్నవా? వద్దు బిడ్డా, వద్దు, మందు కారిపోతది. సిస్టరమ్మా! జర ఇటు రా తల్లీ, మా పిల్లగానికి ఇంకో చుక్క వెయ్యాలె.